గుడ్లుడిగిన పెట్టకు గూటిలో చోటు

గృహస్థులారా, ఇల్లాళ్లారా, నందిగాం మొదలు ఉద్దానం కొబ్బరితోటల దాకా పెరట్లో నాటుకోళ్లు పెంచుకునే ప్రతి ఇంటివారికీ ఈ మాటలు విన్నవిస్తున్నాను. విషయం చిన్నదని తోసిపుచ్చవద్దు. ఇంట్లో అందరికంటే బలహీనమైన ప్రాణిపట్ల ఎలా నడుచుకుంటామో, ఆ నడవడే మన ధర్మానికి సాక్ష్యం చెబుతుంది.

ఈ కాలంలో కోడికి ముసలితనం రావడమే అరుదు. ఫారాల్లో మాంసం కోడి ఆరేడు వారాలకు మించి బతకదు. గుడ్ల కోడినైనా ఏడాదిన్నర దాటి గుడ్ల లెక్క తగ్గగానే లారీ ఎక్కించేస్తారు. ముసలి కోడి ఎక్కడైనా కనపడిందంటే అది మన పెరళ్లలోనే. బతకనిస్తే నాటు పెట్ట ఆరేళ్లు, ఎనిమిదేళ్లు, ఒక్కోసారి పదేళ్లూ బతుకుతుంది. మూడో ఏడు దాటాక గుడ్లు పలచబడతాయి, తర్వాత ఆగిపోతాయి. ఆ తర్వాత కీళ్లు పట్టేస్తాయి. తెల్లవారి గూడు తలుపు తీస్తే తక్కినవన్నీ రెక్కలు కొట్టుకుంటూ బయట పడతాయి. అది మాత్రం గుమ్మం దగ్గరే ఆగి ఒక కాలు చాపి, మళ్లీ ముడిచి, ఆలోచించినట్టు నిలబడి, చివరికి కుంటుతూ దిగుతుంది. నూకలు చల్లిన చోటికి అది చేరేసరికి నేల ఊడ్చినట్టుంటుంది.

అలాంటి పెట్ట మీ పెరట్లో ఉందా? ఉంటే అది మీకేమి ఇచ్చిందో ముందు లెక్క చూసుకోండి.

పొదగడానికి కూర్చున్న పెట్ట 21 రోజులు గంపలోనుంచి కదలదు. రోజుకొక్కసారి మాత్రం లేచి నాలుగు గింజలు ఏరుకుని, నీళ్లు తాగి, గుడ్లు చల్లారకముందే వచ్చి కూర్చుంటుంది. ముక్కుతో గుడ్లను రోజుకు ఎన్నోసార్లు తిరగేస్తుంది. ఆ మూడు వారాల్లో దాని ఒళ్లు తీసిపోతుంది. పిల్లలు లేచాక గద్ద నీడ పడితే చాలు, రెక్కలు విప్పి వాటిని పొదుముకుని, తాను ఎదురు నిలబడుతుంది. ఇదంతా మీరు చూసినదే. మీ కంటికి కనపడనిది ఇంకొకటుంది. ఒక్కొక్క గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెంకు చాలావరకు రాత్రిపూట, మేత లేని వేళ తయారవుతుంది. అప్పుడు చాలని కాల్షియాన్ని పెట్ట తన ఎముకల్లోంచి, అందులోనూ తొడ ఎముక, పిక్క ఎముకల్లోంచి తీసి పెంకుకు పోస్తుంది. పగలు తిన్నదానితో ఆ లోటు పూడ్చుకుంటుంది, మర్నాటి రాత్రి మళ్లీ తీస్తుంది. ఇలా ఏళ్ల తరబడి జరిగాక ఎముకలు గుల్లబారతాయి. మన పిల్లలు తిన్న గుడ్ల వెనక ఆ కాళ్ల ఎముకలున్నాయి. ఈ రోజు ఆ కాళ్లే మొరాయిస్తుంటే మనం మొహం తిప్పుకోవడం న్యాయమా?

ఉద్దానం పల్లెల్లో బేరగాడు బండి వెనక తడికెల బుట్ట కట్టుకుని వస్తాడు. ముసలి పెట్టను రెండు కాళ్లూ కలిపి పట్టి తలకిందులుగా ఎత్తి, రొమ్ము ఎముక తడిమి చూస్తాడు. "ముదిరిపోనాది మామ్మా, కాళ్లు కూడా పట్టేసినాయి. ఇంకేటి సేసుకుంటావు దీన్ని? ఇచ్చీ" అంటాడు. వందో, రెండొందలో చేతిలో పెట్టబోతాడు. చాలా ఇళ్లలో పెట్ట బుట్టలోకి వెళ్లిపోతుంది. కొన్ని ఇళ్లలో మాత్రం మామ్మ చేయి చాచదు. "దీని పిల్లల్ని నీకే అమ్మినాను గదా నాయినా. దీన్ని అమ్మను, దింపు" అంటుంది. శాస్త్రాలు చదవని ఆ తల్లి చెప్పిన మాటలో ధర్మమంతా ఉంది. పిల్లల మీద వచ్చిన లాభం ఆమె తీసుకుంది, కాదనలేదు. తల్లిని మాత్రం సరుకుల లెక్కలోకి రానివ్వలేదు.

మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు అంపశయ్య మీదినుంచి ధర్మరాజుకు ఒక పక్షి కథ చెప్పాడు. గౌతముడనేవాడు పుట్టుకకు బ్రాహ్మణుడు, బతుకు బోయలతో. ధనం కోసం తిరుగుతూ ఒక పెద్ద మర్రిచెట్టు కిందికి చేరాడు. ఆ చెట్టు మీద రాజధర్ముడనే కొంగ ఉండేది. అలసి వచ్చిన అతిథికి ఆకులతో పడక పరిచింది, తిండి సమకూర్చింది, తన రెక్కలతో విసిరింది. తన స్నేహితుడైన విరూపాక్షుడనే రాక్షసరాజు దగ్గరికి పంపి బంగారం ఇప్పించింది. మూట మోసుకుని తిరిగివచ్చిన గౌతముడు, దారిలో తిండికి ఏముంటుందని ఆలోచించి, తన పక్కనే నమ్మి నిద్రపోతున్న ఆ కొంగను చంపి, ఈకలు పీకి, కాల్చి మూట కట్టుకున్నాడు. స్నేహితుడు రెండు రోజులుగా కనపడకపోయేసరికి రాక్షసరాజుకు అనుమానం వచ్చింది. కొడుకును పంపాడు. దొంగ దొరికాడు. వాడిని తినెయ్యమని రాజు ఆజ్ఞాపిస్తే రాక్షసులు దండం పెట్టి, కృతఘ్నుడి మాంసం మాకొద్దన్నారు. బోయలకు పడేస్తే వాళ్లూ ముట్టలేదు. బ్రహ్మహత్యకూ, దొంగతనానికీ, కల్లుతాగుడికీ ప్రాయశ్చిత్తం ఉందిగాని చేసిన మేలు మరచినవాడికి లేదని భీష్ముడి తీర్పు.

ఆ కథ చివర జరిగింది మరీ ముఖ్యం. దేవధేనువైన సురభి పాల నురుగు కొంగ చితిమీద పడి అది బతికింది. బతికి వచ్చిన కొంగ ఇంద్రుణ్ణి కోరిన వరమేమిటి? తనను చంపిన గౌతముణ్ణి కూడా బతికించమని. మనిషి పక్షికి చేసిన ద్రోహం, పక్షి మనిషికి చేసిన ఉపకారం ఒకే చోట పెట్టి చూపించాడు వ్యాసుడు. ఈ కథ విన్న జాతి మనది. కుమారస్వామి జెండా మీద కోడిపుంజును నిలిపి మొక్కే జాతి మనది. పుంజుకు జెండా ఇచ్చి పెట్టకు బేరగాడి బుట్ట ఇవ్వడం ఎట్లా కుదురుతుంది?

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. మాంసం తినవద్దంటున్నావా అని. ఆ మాట నేననడం లేదు. అమ్మవారి సంబరానికి కోడిని కోసే ఊళ్లు మనవి, ఆ ఆచారం జోలికి ఈ వ్యాసం పోదు. నేను చెబుతున్నది ఒక్క పెట్ట సంగతి. ఏళ్ల తరబడి మీ ఇంటిని పోషించి, మీ పిల్లల చేతుల్లో గింజలు తిని, మీ గొంతు గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చిన ఆ ఒక్కదాని సంగతి. రెండో ప్రశ్న డబ్బుది. మనుషులకే గడవని చోట కోడికి వైద్యమా అంటారు. నిజమే, జీడిపిక్కల పని మీద, కొబ్బరి మీద బతికే ఇళ్లకు రూపాయి బరువు తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతం మీద తీరం దాటి, తరాల నాటి కొబ్బరిచెట్లనూ జీడిచెట్లనూ కూలదోసిపోయింది. ఆ దెబ్బ ఇంకా మరిచిపోని నేల ఇది. అయినా ముసలి పెట్టకు కావలసింది డబ్బుకంటే ఎక్కువగా మన చూపు, ఓ పూట శ్రమ. అది ఎంతో చెబుతాను, వినండి.

ముందు దాని నొప్పిని గుర్తుపట్టండి. పక్షి బాధను బయటపెట్టదు. నీరసం కనపడితే వేటాడే జంతువుల కన్ను పడుతుందని దాని జాతికి పుట్టుకతో తెలుసు. కాబట్టి అది మూలగదు, అరవదు. ఒంటికాలి మీద ఎక్కువసేపు నిలబడుతుంది. పిక్కలు నేలకానించి కూర్చుంటుంది. ఎప్పుడూ ఎక్కే కర్ర ఎక్కడం మానేస్తుంది. తోక వాల్చి, కళ్లు సగం మూస్తుంది. "కోడికేం నొప్పి తెలుస్తుంది" అనేవారికి ఒక పరిశోధన చెప్పాలి. 2000లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వారు కుంటుతున్న కోళ్లకు రెండు రంగుల మేత పెట్టారు. ఒకదాంట్లో నొప్పి తగ్గించే మందు కలిపారు, రెండోదాంట్లో లేదు. కాళ్లు బాగున్న కోళ్లకంటే కుంటుతున్న కోళ్లు మందున్న రంగును ఎక్కువగా ఏరుకు తిన్నాయి. కుంటుడు ఎంత ముదిరితే అంత ఎక్కువ తిన్నాయి. నోరు లేని ప్రాణి తన నొప్పికి మందేదో తెలుసుకుని ఎంచుకుంది. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇక సంరక్షణ. ముసలి పెట్టను కాళ్లు పట్టి తలకిందులుగా ఎన్నడూ ఎత్తకండి. రెండు చేతులూ పక్కలనుంచి పోనిచ్చి, రెక్కలు ఒంటికి దగ్గరగా ఉంచి, పాదాల కింద అరచేయి ఆసరాగా పెట్టి ఎత్తండి. రొమ్ము మీద గట్టిగా నొక్కకండి. మనకు ఊపిరితిత్తుల కింద ఉన్న పొరలాంటి కండరం పక్షికి లేదు. రొమ్ము ఎముక కిందికీ పైకీ కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. భయంతో బిగిసిన పెట్టను ఒక నిమిషం ఒడిలో ఉంచుకుంటే మెల్లగా కాళ్లు వదులు చేస్తుంది. అప్పుడు పాదాలు చూడండి. అరికాలి మెత్త మీద నల్లటి పెచ్చు కట్టి, చుట్టూ వాచి వేడిగా ఉంటే అది చీము పట్టిన పుండు. దాన్ని బ్లేడుతో కోయకండి, పశువైద్యుడికి చూపించండి. కాళ్ల మీది పొలుసులు పైకి లేచి, సున్నం పూసినట్టు గరుకుగా ఉంటే అది కంటికి కనపడని పురుగు పని. గోరువెచ్చని నీళ్లలో కాళ్లు నాననిచ్చి, మెత్తని గుడ్డతో పూర్తిగా తుడిచి, కొబ్బరినూనె పట్టించండి. పొలుసుల కింద పురుగు ఊపిరాడక చస్తుంది. కొన్ని వారాలపాటు మానకుండా చేయాలి. కొబ్బరినూనెకు ఉద్దానంలో కరువా?

నడక తగ్గిన కోడికి గోళ్లు అరగవు, వంకర తిరిగి నడకను ఇంకా చెడగొడతాయి. గోటిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపలి నెత్తుటి గీత కనపడుతుంది. దానికి ఇవతలే కొద్దికొద్దిగా కత్తిరించాలి.

గూట్లో కర్ర ఎత్తుగా ఉంటే దించండి. జానెడు ఎత్తు చాలు. పైనుంచి దూకిన ప్రతిసారీ ఆ కీళ్ల మీద పడే దెబ్బ మనకు తెలియదు. సన్నని కర్రకు బదులు పాదం పూర్తిగా ఆనే వెడల్పాటి చెక్క వేయండి. అదీ ఎక్కలేకపోతే నేలమీదే పొడి పడక పరవండి. ఊక ఉంది, కొబ్బరి పీచు పొట్టు ఉంది, ఏదైనా సరే, తడిసినది తడిసినట్టు తీసేసి కొత్తది వేయాలి. మన తీరంలో ఆశ్వయుజ కార్తిక మాసాల ముసురుకు నేల చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మ, ఆపై వచ్చే పుష్యమాసపు మంచు ముసలి కీళ్లకు శత్రువులు. గూటికి ఈశాన్యపు జల్లు తగలకుండా ఒక తాటాకు తడిక అడ్డం కట్టండి. ఎండ వచ్చిన పూట పెట్టను ఎత్తి తెచ్చి పొడి మట్టీ కట్టెల బూడిదా కలిపిన చోట వదలండి. ఒంగి ఈకలు దువ్వుకోలేని పక్షికి పేలు పడతాయి. బూడిదలో పొర్లితే కొంత ఊరట. వెనకభాగం రెట్టతో అట్టకడితే గోరువెచ్చని నీళ్లతో మీరే కడగాలి. ఇందులో అసహ్యపడవలసింది లేదు. పసిబిడ్డకు చేసిన చేతులే ఇవి.

మేత విడిగా పెట్టండి. వయసు కోళ్లు దాన్ని పొడిచి తరిమేస్తాయి. ఒక పూట గంప కమ్మి, లోపల నూకలు, చోళ్లు, సన్నగా తరిగిన తోటకూర, పక్కనే లోతు తక్కువ మూకుడులో నీళ్లు పెడితే నింపాదిగా తింటుంది. నీళ్లు అందుబాటులో ఉండటం మరీ ముఖ్యం. నడవలేక నీళ్ల దగ్గరికి పోని కోడికి మూత్రపిండాలు చెడతాయి. పక్షి మూత్రం మనలా నీళ్లుగా పోదు, యూరిక్ ఆమ్లంగా, రెట్టలోని తెల్లని భాగంగా పోతుంది. మూత్రపిండాలు నీరసిస్తే ఆ యూరిక్ ఆమ్లం కీళ్లలో పేరుకుని వేళ్లు, మడమలు వాస్తాయి. అందుకే గుడ్లు పెట్టని కోడికి కాల్షియం ఎక్కువున్న గుడ్ల ఫారం దాణా పెట్టకూడదు. సముద్రం పక్కన ఉన్నాం కదా అని ఉప్పు పట్టిన ఎండుచేపల తలలు కుప్పగా వేయకూడదు. వారానికోసారి రొమ్ము ఎముక తడమండి. కత్తి అంచులా చేతికి తగిలితే చిక్కిపోతోందని, ఎముకే అందకపోతే కొవ్వు పట్టి కీళ్ల మీద బరువు పెరిగిందని అర్థం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నొప్పి చూడలేక, జాలితోనే, మనుషులు వేసుకునే నొప్పి మాత్ర చిదిమి కోడి నోట్లో వేసేవారున్నారు. ఆ పని చేయకండి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్లనే మన ఆకాశంలోంచి రాబందులు మాయమయ్యాయని 2004లో తేలింది. ఆ మందు పడిన పశువు కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై, ఒంటినిండా యూరిక్ ఆమ్లం పేరుకుని చచ్చాయి. ప్రధానమైన జాతుల్లో 90 శాతానికి పైగా పోయాయి. 2006లో పశువులకు ఆ మందును భారత ప్రభుత్వం నిషేధించింది. మూత్రపిండాల జబ్బు అంటే ఏమిటో ఉద్దానానికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఎన్ని ఇళ్లు ఆ జబ్బుకు కుదేలయ్యాయో, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరవవలసిన అవసరం ఎందుకు వచ్చిందో మీకే బాగా తెలుసు. ఆ బాధ ఎరిగిన చేతులతో ఆ బాధనే ఒక మూగప్రాణికి పెట్టకండి. కోడికి వాడదగిన నొప్పి మందులున్నాయి, వాటి మోతాదు బరువును బట్టి పశువైద్యుడే చెప్పాలి. మండల కేంద్రానికి తీసుకుపోయి చూపించండి, లేదా పశువైద్య సేవల 1962 నంబరుకు ఫోను చేసి అడగండి. కోడిని తెచ్చారని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఇది కొత్తగా కనిపెట్టిన దయ కాదు. ఇచ్ఛాపురం దాటి ఉత్తరానికి పోతే ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. కళింగ యుద్ధపు నెత్తురు చూసి మనసు విరిగిన అశోకుడు అక్కడి బండమీద శాసనాలు చెక్కించాడు. వాటిలో రెండోది మనుషులకూ పశువులకూ వేరువేరుగా వైద్యం ఏర్పాటు చేశాననీ, మందుమొక్కలు లేని చోట తెప్పించి నాటించాననీ చెబుతుంది. 1936 ఏప్రిల్ 1 దాకా మన టెక్కలి కూడా జౌగడ ఉన్న గంజాం జిల్లాలోనిదే. ఆ రాతి మాట మన పూర్వులకు చెప్పినదే. ఇప్పటికీ టెక్కలి పక్కన తేలినీలాపురంలో ఏటేటా గూడబాతులూ కొంగలూ వచ్చి ఊరి చెట్లమీద గూళ్లు కట్టుకుంటాయి. వాటి రెట్టల వాసననీ గోలనీ ఊరు ఓర్చుకుంటుంది. అవి రావడం ఊరికి శుభమని నమ్ముతుంది. వాటివల్ల ఆ ఊరికి గుడ్డూ లేదు, మాంసమూ లేదు. కొన్ని నెలలుండి పోయే పక్షికి అంత ఆదరం చూపగల జనం, ఏళ్ల తరబడి గుమ్మంలో ఉన్న పక్షికి చూపలేరా? రాజ్యాంగంలోని 51ఎ అధికరణం ప్రాణుల పట్ల దయను పౌరుడి విధుల్లో చేర్చింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, పెంచుకునే ప్రాణి క్షేమం చూడటం యజమాని బాధ్యత అంది. చట్టం భయంతో చేసే దయ నాకు అక్కరలేదు, కానీ చట్టం కూడా ఈ పక్షానే ఉందని తెలుసుకోండి.

మన పల్లెల్లో మరొక సంగతి చూస్తున్నాం. కొడుకులు హైదరాబాదుకో చెన్నైకో పనికి పోతారు. ఇంటిదగ్గర మిగిలేది మోకాళ్లు పట్టేసిన మామ్మ, ఆమె విసిరే నూకలకు కుంటుతూ వచ్చే పెట్ట. సంక్రాంతికి వచ్చిన కొడుకు పెట్టను చూసి "ఇంకా ఉందా ఇది, కోసేయలేకపోయావా" అన్నప్పుడు ఆ తల్లికి ఏమి వినపడుతుందో ఒక్కసారి ఆలోచించండి. పక్కనే మనవలుంటారు. పనికిరానిదాన్ని ఇంట్లో ఏం చేస్తారో వాళ్లు ఆ క్షణమే నేర్చుకుంటారు. మనం ముసలివాళ్లమయ్యేనాటికి ఆ పాఠం వాళ్లకు బాగా ఒంటబట్టి ఉంటుంది.

ఎంత చేసినా ఒక రోజు వస్తుంది. మేత ముట్టదు, నీళ్లు తాగదు, పక్కకు ఒరిగి లేవలేకపోతుంది. మందుకు లొంగని బాధ అయితే దాన్ని రోజుల తరబడి ఈడ్చడం దయ కాదు. పశువైద్యుణ్ణి అడిగి, నొప్పి తెలియకుండా ముగించమని కోరండి. అది పాపం కాదు. రోగంతో పోయిన కోడిని కుక్కలకు వేయకండి, తక్కిన కోళ్లకు అంటకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

అమ్మా, అయ్యా, ఈ ముసురు పట్టకముందే గూట్లో కర్ర దించండి, పొడి ఊక పరవండి, మీ పిల్లలచేత ఆ ముసలిదానికి విడిగా ఇన్ని నూకలు వేయించండి. బేరగాడు వచ్చి అడిగినప్పుడు మాత్రం, వందకైనా రెండొందలకైనా, దాన్ని అతని చేతికి ఇవ్వకండి.